సర్కారు తుమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు: నల్లమల అటవీ అధికారులకు బహిరంగ లేఖ

అటవీ శాఖ పెద్దలకు నమస్కారం.

నాది నల్లమల అంచున ఒక పల్లె. మా చేను గట్టు దిగితే రిజర్వు ఫారెస్టు మొదలు. హద్దు మీద మీవాళ్లు ఎప్పుడో పాతిన రాయి ఒకటుంది. చిన్నప్పుడు పశువుల్ని తోలుకెళ్తే ఆ రాయి మీదే కూర్చుని సద్దిమూట విప్పేవాళ్లం. మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అన్న కొడుక్కి ఆ రాయి చూపిద్దామని బయల్దేరాను. కొడవలి తీసుకెళ్లక తప్పలేదు. అరగంట నరికితే గానీ రాయి తల కనబడలేదు. మొత్తం పులికంప కమ్మేసింది.

మీ కాగితాల్లో దాని పేరు లాంటానా. కొన్ని ఊళ్లలో తలంబ్రాల చెట్టంటారు, ఒక్క గుత్తిలోనే పసుపూ ఎరుపూ గులాబీ కలిసి ఉంటాయి కాబట్టి. మాకు మాత్రం పులికంప. పులి దాక్కుంటుందని ఆ పేరో, పులి గోళ్లలా గీరుతుందని ఆ పేరో మా ఊళ్లో ఇంతవరకూ తేలలేదు.

కంప కొట్టించడానికి మీరు డబ్బు ఖర్చు పెడుతున్నారు. పనులు జరగడం నేను కళ్లారా చూశాను, అబద్ధమాడను. కొట్టిన చోట మూడో ఏడు ఏం మొలిచిందో మాత్రం వెనక్కి వచ్చి చూసేవాళ్లు నాకు కనబడలేదు. ఈ లేఖ దాని గురించే. మధ్యలో కొంచెం పాత కథ చెప్తాను, ఓపిక పట్టండి.

మన జనానికి కలుపు మొక్కలకు పేర్లు పెట్టడంలో ఒక పొగరుంది. చేలగట్ల మీద తెల్లపూలు ఊపుకుంటూ పెరిగే పార్థీనియానికి వయ్యారిభామ అని పెట్టారు. దానికే కాంగ్రెస్ గడ్డి అని ఇంకో పేరు. 1950ల్లో అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో పాటు దిగిందని చెప్పుకునే మొక్క అది, అప్పుడు రాజ్యం ఎవరిదో ఆ పేరు కాస్తా గడ్డికి అంటుకుంది. చెరువుల్ని కప్పేసేది గుర్రపుడెక్క. ఇక ఎండిన కుంటలనూ కాలవగట్లనూ బంజర్లనూ ఆక్రమించిన ముళ్లచెట్టు ఉందే, దానికి సర్కారు తుమ్మ. రైతు నాటలేదు, దేవుడు నాటలేదు, సర్కారు తెచ్చి పెట్టింది అని ఆ పేరులోనే చెప్పేశారు.

అది ఉత్తుత్తి మాట కూడా కాదు. 1876లో ధాత కరువు మొదలైంది. ఆ ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర సర్కిల్ అటవీ అధికారిగా ఉన్న బెడ్డోమ్ అనే దొర, ఎండు నేలల్లో పెంచడానికి ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. 1877లో మన కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. దేశంలోకి ఈ చెట్టు అడుగుపెట్టిన తొలి చోట్లలో మన కమలాపురం ఒకటి. మెక్సికో, మధ్య అమెరికా వైపు చెట్టు అది. చెడ్డ ఉద్దేశంతో తెచ్చారని నేను అనను. పొయ్యిలోకి పుల్ల లేదు, నేల మీద నీడ లేదు, ఇది నీళ్లడక్కుండా పెరుగుతుంది. ఆ రోజుల్లో నేను ఆ కుర్చీలో ఉన్నా అదే పని చేసేవాణ్ణేమో.

తర్వాత జరిగింది మాత్రం ఫైల్లో రాయని కథ. దాని కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, గొర్రెలు, ఆవులు ఎగబడి తింటాయి. కాయ అరుగుతుంది, గింజ అరగదు. పైగా కడుపులో నాని, పేడలో ఎరువు సహా బయటికొచ్చి ఇంకా తొందరగా మొలుస్తుంది. మంద ఎక్కడికి పోతే కంప అక్కడికి పోయింది. మూడేళ్లు వాన తప్పి కుంట ఎండితే చాలు, నాలుగో ఏడు వానొచ్చినా కుంటలోకి మనిషి దిగలేడు. దసరాకు మనం పూజ చేసే జమ్మి దీనికి దాయాది. తెలంగాణ దాన్నే రాష్ట్ర వృక్షం చేసుకుంది. జమ్మి చేలో ఉంటే దాని కిందే పంట పండుతుంది. ఈ దాయాది కింద గడ్డిపోచ మొలవదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఊళ్లో సగం పొయ్యిలు ఎన్నో ఏళ్లు ఈ కంపతోనే మండాయి. బొగ్గు బట్టీలు పెట్టి పిల్లల్ని చదివించుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. కాబట్టి సర్కారు తుమ్మను రాత్రికి రాత్రి పీకేయండి అని ఊళ్లోకొచ్చి చెప్పే మనిషికి ముందు మా ఆడవాళ్లే జవాబు చెప్తారు.

ఇదంతా తవ్వుతున్నది పాత దొరను తిట్టడానికి కాదు, అదే పని మనం ఇంకా చేస్తున్నాం కాబట్టి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం తయారుచేసిన వంద చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో లాంటానాతో పాటు సుబాబుల్ కూడా ఉంది. ఆ సుబాబుల్‌నే పచ్చిమేతకనీ, పేపరు మిల్లులకనీ మనం ప్రోత్సహించి పెంచాం. హరితహారంలో ఊరూరా నాటిన కోనోకార్పస్‌ను ఇక పెంచొద్దని 2022లో తెలంగాణ ప్రభుత్వమే నర్సరీలకు చెప్పుకోవాల్సి వచ్చింది. కేరళలో వయనాడ్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ 1980ల్లో నీడ కోసం, అందం కోసం పసుపుపూల సెన్నా చెట్లు నాటింది సామాజిక అడవుల విభాగమే. ఇప్పుడు ఆ చెట్లు అభయారణ్యంలోకి చొచ్చుకుపోయి, పక్క రాష్ట్రాల్లోని బందీపూర్, ముదుమలై అడవుల దాకా పాకాయి. అక్కడివాళ్లు ఒక్కో చెట్టుకూ బెరడు ఒలుచుకుంటూ కూర్చున్నారు. చెట్టు నాటిన అధికారి బదిలీ అయ్యాకే అది గింజ వేస్తుంది. లెక్క అడగడానికి ఎవరూ మిగలరు. నర్సరీలో కొత్త రకం సంచి నింపే ముందు, ఇది పదేళ్లకు ఎక్కడికి పాకుతుంది అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఖర్చు లేని పని అది.

ఇక పులికంప దగ్గరికొస్తాను. ఇది అడవుల కోసం తెచ్చింది కాదు. దక్షిణ అమెరికా మొక్క, 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో పూల మొక్కగా దిగింది. దొరల బంగళాల కంచెల్లో పెరిగింది. దాని పండు నల్లగా, మిరియపు గింజకంటే కొంచెం పెద్దగా ఉంటుంది. పికిలిపిట్టలు, గోరింకలు తిని, ఏ చెట్టు కొమ్మ మీద కూర్చుంటే ఆ చెట్టు కిందే విత్తనాలు రాల్చేస్తాయి. అడవిలో ఎప్పుడైనా గమనించండి. మైదానంలో ఒంటరి చెట్టుంటే దాని మొదలు చుట్టూ గొడుగు పట్టినట్టు పులికంప ఉంటుంది. అది పిట్టలు వేసిన నర్సరీ.

2020లో డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా, అంటే లక్షన్నర చదరపు కిలోమీటర్ల మేర ఈ మొక్క పాకి ఉందని తేల్చారు. లక్షన్నర అంటే మా బోటివాళ్లకు ఊహకందదు. మన తెలంగాణ మొత్తం లక్షా పన్నెండు వేలు. అదీ లెక్క.

ప్రతి శివరాత్రికీ నేను వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా కాలినడకన శ్రీశైలం పోతాను. ముప్ఫై ఏళ్లుగా పోతున్నాను. ముందు మెట్లు ఎక్కుతూ దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి, ఇప్పుడు దారి పక్కన ఏ మొక్క ఎంత దూరం వచ్చిందో చూసుకుంటూ పోతున్నాను. స్వామి క్షమించాలి. ఒకప్పుడు దారికి రెండు పక్కలా నడుమెత్తు బోదగడ్డి ఉండేది. గాలికి ఊగితే నీళ్ల చప్పుడులా వినబడేది. ఇప్పుడు చాలాచోట్ల చప్పుడు లేదు. గడ్డి ఉన్న జాగాలో పులికంప, అది లేనిచోట మహావీర. అదే, ఆకు నలిపితే ఘాటు వాసన కొడుతుంది, కొందరు పిచ్చి తులసి అంటారు. పశువు దాని మొహం కూడా చూడదు. చలికాలం చివర్లో ఎండి, నడిచేవాళ్ల పంచెలకు పట్టుకుని ఊరూరా తిరుగుతుంది. యాత్రికుల్లో నేనూ ఉన్నాను, నా పంచెకూ పట్టుకునే ఉంటుంది.

గడ్డి పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు తేలాయి. నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోనే పెద్ద పులుల రిజర్వు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కాని పులి తినేది గడ్డి తినే జంతువునే. చుక్కల జింకకు గడ్డి లేకపోతే అది మా శనగ చేనుకు వస్తుంది, దాని వెనక చిరుత వస్తుంది. అప్పుడు మా ఊళ్లో రాత్రిపూట టెన్షన్, మీ ఆఫీసుకు ఫోన్లు. ఈ గొలుసు మొదట్లో ఉన్నది ఎవరూ పట్టించుకోని ఒక పూలమొక్క.

దాని విషం సంగతి నాకు చదువుకుంటే తెలియలేదు. వానలు తప్పిన ఒక ఏడు మా కర్రి ఆవు, మేత దొరక్క పులికంప ఆకు మేసింది. రెండు రోజులు నెమరు మానేసింది. కళ్లు పసుపు తిరిగాయి. మూడో రోజు ఎండలో కట్టేస్తే చెవుల అంచులూ మూతీ కాలినట్టు ఎర్రబడి, తోలు పొరలు పొరలుగా లేచింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, లివరు దెబ్బతింది, ఎండ తగలనీయొద్దు అన్నాడు. చీకటి కొట్టంలో, గోనెపట్టాలు అడ్డం కట్టి నెల రోజులు సాకాం. బతికింది గాని పాలు మళ్లీ రాలేదు. అడవిలో జంతువుకు గోనెపట్టా కట్టేదెవరు?

నిప్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి వేసవీ మీరూ మేమూ దానితోనే పోరాడుతున్నాం. గడ్డికి అంటుకున్న మంట మోకాలెత్తున పరుగెత్తి, కాల్చి పోతుంది. పచ్చికొమ్మతో కొట్టి ఆర్పొచ్చు, నేను ఆర్పాను. పులికంప పొదకు అంటుకుంటే అలా కాదు. పొద చెట్టు మీదికి పాకి ఉంటుంది కాబట్టి మంట నిచ్చెన ఎక్కినట్టు కొమ్మల్లోకి పోతుంది. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు తగలబడినప్పుడు ఎండిన లాంటానా పొదలు మంటకు మేతయ్యాయి. కాలిన చోట మళ్లీ ముందుగా చిగురించేది కూడా అదే. వేరు కింద ప్రాణం దాచుకుని ఉంటుంది.

కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట అడవిలో సోలిగలనే ఆదివాసులు ఒక మాట చెప్తారు. తమ తాతల కాలంలో ఏటా చలికాలం చివర్లో, ఆకులు రాలిన కొత్తలో సన్నగా నేలమంట పెట్టేవారట. దాన్ని ‘తరగు బెంకి’ అంటారు, రాలిన ఆకుల నిప్పు అని అర్థం. అభయారణ్యం చేసి ఆ నిప్పు ఆపించాకే లాంటానా అడవిని మింగిందని వాళ్ల వాదన. అక్కడ పరిశోధకులు 1997లో చూసిన ప్లాట్లలో 41 శాతంలో లాంటానా ఉంటే, 2008కి అది 81 శాతానికి చేరింది. నిప్పు ఆపడం ఒక్కటే కారణమని తేల్చేయలేం. ఇప్పుడు వెళ్లి అగ్గి పెట్టమనీ నేను అనడం లేదు. ఇంత కంప పేరుకున్నాక నిప్పు పెడితే అడవి మిగలదు. నా మాటల్లా ఒకటే. సోలిగలను అప్పుడు ఎవరూ అడగలేదు. మన నల్లమలలో చెంచులను ఇప్పుడైనా అడుగుతున్నారా?

ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, పెద్దాయన నాతో అన్నమాట చెప్తాను. “గడ్డలు ఎక్కడ ఉన్నాయో నాకు తెలుసు. మా అమ్మ తవ్విన గుంటలు కూడా తెలుసు. అక్కడికి పోయే సందు లేదు.” ఆ ఒక్క ముక్కలో మీ సర్వే అంతా ఉంది. కంప కమ్మిందంటే గడ్డలు పోయాయి, మొర్రి మొలకలు పోయాయి, తపసి బంక కోసం చెట్టు దగ్గరికి పోయే దారి పోయింది. కంపలో ఎలుగుబంటి ఎదురైతే తప్పుకునే జాగా కూడా ఉండదు. మీ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా ఉన్నది చాలావరకు చెంచు కుర్రాళ్లే. పులి అడుగు వాళ్లే చూపిస్తారు, నిప్పు వాళ్లే ఆర్పుతారు. కంప ఎక్కడ మొదలుపెట్టి కొట్టాలి అన్నప్పుడు మాత్రం మ్యాపు మాట్లాడుతుంది.

ఇప్పుడు కొట్టడం సంగతి. ఏ బీటో చెప్పను, ఏ జిల్లానో కూడా చెప్పను. ఆ పని చేయించినాయన మీద నాకు కోపం లేదు, ఆయనకు ఇచ్చిన లెక్క అలాంటిది. ఒకచోట కాంట్రాక్టరు కూలీలను దింపి రోడ్డు వెంట, చూపు ఆనేట్టు ఖాళీ చేసే వ్యూ లైన్ల వెంట కంప కొట్టించాడు. మచ్చుకత్తులతో మోకాలెత్తున నరికారు. ముందు ఫోటో తీశారు, తర్వాత ఫోటో తీశారు. పని కొలతలు రాసే ఎం-బుక్‌లో హెక్టార్లు ఎక్కాయి, బిల్లు పాసైంది. ఫోటోలో అడవి దువ్విన తలలా ఉంది. జూన్‌లో రెండు వానలు పడ్డాయి. నరికిన ప్రతి మోడు నుంచీ ఎనిమిది, పది చిగుళ్లు. మంగలి దగ్గర క్రాపు కొట్టించుకున్న జుట్టు మళ్లీ వచ్చినట్టు వచ్చింది, ఇంకా ఒత్తుగా. మధ్యలో ఎండ తగిలిన ఖాళీ జాగాలో ఏం వచ్చింది? మహావీర వచ్చింది. ఒక కంప ఉన్నచోట రెండు కంపలయ్యాయి.

ఇంకోచోట జేసీబీ పెట్టారు. వేళ్లతో సహా లేచింది, నిజమే. కాని నేలంతా దుక్కి దున్నినట్టయింది. లాంటానా విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. దానికి ఇంతకంటే మంచి మడి ఏముంటుంది? మరుసటేడు అక్కడ మొలిచిన పిల్లకంపను చూస్తే, నారు పోశారా అనిపించింది.

మరి ఎలా తీయాలి? ఇది తెలియని విద్యేమీ కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు, ఆయన బృందం పద్ధతి చూపించారు. కార్బెట్ లాంటి చోట్ల చేసి చూపించారు కూడా. నేను మా గట్టు మీద చేశాను కాబట్టి నా మాటల్లో చెప్తాను. పొదను పైన ముట్టుకోవద్దు. ముందు మొదలు దగ్గర మట్టి పక్కకు లాగాలి. అక్కడ కాండం, వేరు కలిసే చోట మోకాలిచిప్పలా ముడి ఒకటుంటుంది. దాని ప్రాణమంతా ఆ ముడిలో ఉంది. చిగుళ్లన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. ఆ ముడికి రెండు వేళ్ల కింద తల్లివేరును గొడ్డలితో ఒక్క దెబ్బ వేయాలి. అడ్డంగా కాదు, ఏటవాలుగా వేస్తే తొందరగా తెగుతుంది. తర్వాత ఇద్దరు పట్టి పొదను ఎత్తి, తలకిందులుగా, వేరు ఆకాశానికి చూసేట్టు పడేయాలి. కాండం నేలకు తగిలితే మళ్లీ వేరూనుతుంది, అందుకని. అంతే. నేల కదలదు, గుంత పడదు. అలవాటైతే ఇద్దరు మనుషులు చిన్న పొదను ఐదు నిమిషాల్లో లేపేస్తారు. అరచేతుల్లో ముళ్లు గుచ్చుకోవడం మాత్రం తప్పదు, కూలీలకు తోలు గ్లౌజులు ఇవ్వండి. ఈ ఖర్చు ఎస్టిమేటులో ఉండదని నాకు తెలుసు.

ఇది సగం పనే. మా గట్టు మీద మొదటి ఏడు నేను పొరపాటు చేశాను. తీసేసి, అబ్బ అయిపోయింది అని వదిలేశాను. ఆ కార్తీకానికి వయ్యారిభామ తెల్లగా నవ్వుతూ నిలబడింది. రెండో ఏడు మా ఆవిడ తెలివి. పాత గడ్డి మిగిలిన చోట నుంచి గింజ పట్టిన కంకులు కోసుకొచ్చి, తొలకరికి ముందు చల్లింది, పైన అదే ఎండుకంప పరిచింది పశువులు రాకుండా. గడ్డి పైకొచ్చింది. చెట్ల కింద పిట్టలు వేసిన మొలకలను రెండేళ్లు చేత్తో పీకాం. చిన్నగా ఉన్నప్పుడు కొత్తిమీర కట్టలా వస్తాయి. మూడో ఏడు పీకడానికి పెద్దగా ఏం లేదు. పది సెంట్లు కూడా ఉండదు ఆ జాగా, గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ పది సెంట్లకే మూడేళ్లు పట్టిందని చెప్తున్నాను. మీ పని మార్చి 31తో అయిపోతుంది. మొక్కకు మార్చి 31 తెలియదు.

అందుకే నేనడిగేది డబ్బు పెంచమని కాదు, లెక్క మార్చమని. ఎన్ని హెక్టార్లు కొట్టాం అని రాసే గడి పక్కన ఇంకో గడి పెట్టండి: మూడో వానాకాలానికి అక్కడ ఏముంది? గడ్డి ఎంత, దేశీ మొలకలు ఎన్ని, కంప ఎంత తిరిగొచ్చింది. బిల్లులో కొంత భాగం ఆ గడి నిండేదాకా ఆపండి. అప్పుడు చూడండి, కాంట్రాక్టరు తనే జేసీబీని వెనక్కి పంపుతాడు. ఇంకా మంచిది, కాంట్రాక్టరు బదులు ఆ పెంటకో ఆ ఊరి వన సంరక్షణ సమితికో ఒక ముక్క అడవిని మూడేళ్లకు అప్పగించండి. ఏటేటా కూలి, ఏటేటా చూపు. ఉపాధి హామీలో జంగిల్ క్లియరెన్స్ పేరుతో కాలవగట్ల మీద కొట్టిందే మళ్లీ మళ్లీ కొట్టిస్తున్నాం. అటవీ హక్కుల చట్టం 2006 నుంచీ ఉంది. అడవిని కాపాడే హక్కూ బాధ్యతా గ్రామసభకు ఉన్నాయని అందులోనే రాసి ఉంది. బిళిగిరి రంగన బెట్టలో సోలిగలకు పులుల అడవిలోనే సామూహిక హక్కులు 2011లో దక్కాయి. మన చెంచులకు దక్కితే అడవికి నష్టమేమీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదాంట్లో మనందరికీ ఒకటే పొరపాటు. కంప బాగా దట్టంగా ఉన్నచోటికి ముందు పోతాం, అక్కడైతే పని కనబడుతుంది, ఫోటో బాగా వస్తుంది. నన్నడిగితే తిరగేయండి. ఇంకా బోదగడ్డి ఊగుతున్న చోట, అక్కడక్కడా ఒక్కో పొద మొదలైన చోట, ముందు అక్కడికి పోండి. ఇద్దరు మనుషులు ఒక రోజులో కాపాడగలిగేంత అడవి అక్కడుంది. దట్టమైన చోట ఇద్దరు మనుషులు ఒక రోజుకు ఎండుకంప కుప్ప ఒక్కటే చూపించగలరు. దట్టమైనది కూడా ఒక్కసారిగా అంతా లేపొద్దు. పిట్టలు గూళ్లు పెట్టుకుని ఉంటాయి, కుందేళ్లూ అడవికోళ్లూ దానిలోనే దాక్కుని బతుకుతున్నాయి. వేరే నీడ తయారయ్యేదాకా ముక్కలు ముక్కలుగా తీయాలి. ఇంకో సంగతి, శ్రీశైలం రోడ్డు పనులకు బయటి నుంచి తెచ్చే గ్రావెల్ చూడండి. లారీ మట్టితో వయ్యారిభామ విత్తనం ఉచితంగా దిగుతోంది. టోల్ కట్టేది మనం, ప్రయాణం చేసేది అది.

తీసిన కంపను ఏం చేయాలి అంటే, నీలగిరుల్లో గూడలూరు దగ్గర ఆదివాసీ కళాకారులు లాంటానా కర్రతో నిజమైన ఏనుగు అంత ఏనుగులు అల్లుతున్నారు. 2024లో అలాంటి వంద ఏనుగులు అమెరికాలోని ఊళ్లలో ఊరేగాయి. మన దగ్గరా బుట్టలు, కుర్చీలు చేయించొచ్చు. కాని దాన్ని పరిష్కారం అనుకోవద్దు. కంపకు మంచి ధర వస్తే కంప పెంచుకునేవాళ్లూ వస్తారు. సర్కారు తుమ్మ బొగ్గుతో మాకు అదే అనుభవం. పురుగుల్ని వదిలితే పోదా అని మా ఊళ్లో ఒక కుర్రాడు అడిగాడు. నాగజెముడు విషయంలో నిజంగానే పోయింది. 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన పిండిపురుగు దక్షిణాదిలో నాగజెముడు దిబ్బల్ని మట్టికరిపించింది. లాంటానాకూ పురుగులు తెచ్చారు, 1921లో ఒకటి, 1941లో ఒకటి. ఆకు కొంచెం మాడ్చాయి, అంతకుమించి ఏమీ కాలేదు. మళ్లీ గొడ్డలే దిక్కు.

చట్టం సంగతి కూడా ఒక్క మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది, ఆక్రమణ జాతులకు తొలిసారి ఒక నిర్వచనం ఇచ్చింది. దిగుమతినీ పెంపకాన్నీ నియంత్రించే అధికారం కేంద్రానికి వచ్చింది. మంచిదే. కాని ఇప్పటికే లోపలున్నదాన్ని ఎవరు, ఎలా, ఎన్నేళ్లు తీయాలో అందులో దొరకదు. అది రాష్ట్రం రాసుకోవాలి. తమిళనాడు 2022లో దీనికోసమే ప్రత్యేకంగా ఒక విధానం రాసి ప్రకటించింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటిదేమైనా ఉంటే జనానికి తెలిసేట్టు తెలుగులో, గ్రామసభల్లో చదివి వినిపించండి. లేకపోతే రాయడం మొదలుపెట్టండి. కృష్ణకు ఆ గట్టున అమ్రాబాద్, ఈ గట్టున శ్రీశైలం అడవి. ఫైళ్లు రెండు కావొచ్చు, పికిలిపిట్టకు మాత్రం అడవి ఒక్కటే. ఇవతల తీసి అవతల వదిలేస్తే అది నదిమీద ఎగిరి వస్తుంది.

మీ మీద కోపంతో రాసిన లేఖ కాదు ఇది. బీట్ ఆఫీసరు ఒక్కడే ఎంత అడవి చూసుకుంటాడో నాకు తెలుసు. వేసవిలో రాత్రుళ్లు నిప్పు ఆర్పి, పొద్దున్నే మా ఇంటికొచ్చి మజ్జిగ తాగిపోయిన మీ మనుషులు ఉన్నారు. వాళ్లకూ ఈ కంప సంగతి తెలుసు. పైకి రాయమంటే ఏ గడిలో రాయాలో తెలియదు.

ఆగస్టులో ఒకసారి మావైపు రండి. కాయ పండకముందు అయితే తీసిన పొద నుంచి గింజ రాలదు. హద్దురాయి చుట్టూ ఉన్నది ముందు తీద్దాం. అది మీ హద్దులో ఉంది కాబట్టి నేను ఒక్కణ్ణే గొడ్డలి పట్టుకుని దిగితే కేసు అవుతుంది. మీరు పక్కన ఉంటే పని అవుతుంది. గడ్డి గింజ మా ఆవిడ రెండు గోనెసంచులు ఎత్తిపెట్టింది. ఆ జాగా కొలతా, తేదీ ఎం-బుక్‌లో రాసుకోండి. మళ్లీ వచ్చే ఏడు ఆగస్టు, ఆ పై ఏడు ఆగస్టు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇట్లు,
మీ హద్దురాయి పక్క చేను రైతు